2¹⁰ని 210 అని అచ్చేసిన పుస్తకం నాకు అంటగట్టారు, మీరు జాగ్రత్త

పిల్లల గణిత ఒలింపియాడ్ కోసం ఆన్‌లైన్‌లో నంబర్ థియరీ (పూర్ణసంఖ్యల గణితం) పుస్తకం కొనబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి.

మా అక్క కొడుకు ఇక్కడే అనంతపురంలో తొమ్మిదో తరగతి. ఐఓక్యూఎం, అంటే గణిత ఒలింపియాడ్ తొలి పరీక్ష, రాస్తానని పట్టుబట్టాడు. సప్తగిరి సర్కిల్ చుట్టుపక్కల షాపుల్లో అడిగాను. డీఎస్సీ, గ్రూప్స్ పుస్తకాలు గుట్టలుగా ఉన్నాయి గానీ నంబర్ థియరీ అనగానే "ఆప్టిట్యూడ్ బుక్కా సార్?" అన్నారు. ఎప్పుడో ఆర్ట్స్ కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్ చదివినవాణ్ణి, నాకు తెలియదా అన్న ధీమాతో ఫోన్‌లోనే వెతికి, అట్ట బాగుంది, 380 రూపాయలే కదా అని ఆర్డర్ పెట్టేశాను. అమ్మినవాళ్ల పేరు రాసినా లాభం లేదు, అదే అట్ట వేరే పేర్లతో కూడా కనిపిస్తోంది.

పుస్తకం వచ్చిన మూడో రోజు వాడు ఫోన్ చేసి "మామా, ఫెర్మా సిద్ధాంతం తప్పు" అన్నాడు. p ప్రధాన సంఖ్య అయితే, p తో భాగం పోని ఏ సంఖ్యనైనా p-1 ఘాతానికి పెంచి p తో భాగిస్తే శేషం 1 వస్తుందనేదే ఆ సిద్ధాంతం. నవ్వి, సాయంత్రం వెళ్లి చూశాను. పేజీలో ఇలా ఉంది: "210ని 11తో భాగిస్తే శేషం 1." పదకొండు పంతొమ్మిదులు 209, మిగిలేది 1. సరిపోయింది. దాని కిందే "26ని 7తో భాగిస్తే శేషం 1." ఏడు మూళ్లు 21, మిగిలేది 5. పాపం వాడు ఈ రెండో లైను దగ్గరే నోట్‌బుక్కులో రెండు పేజీలు నింపాడు.

అసలు అక్కడ ఉండాల్సింది 2¹⁰, 2⁶. 1024ని 11తో భాగించినా శేషం 1, 64ని 7తో భాగించినా శేషం 1. పైన కూర్చోవాల్సిన ఘాతాంకాలన్నీ దిగివచ్చి పక్కన కూర్చున్నాయి. పుస్తకం మొత్తం ఇదే వరస. ఏదో స్కాన్ చేసి కంప్యూటర్‌తో అక్షరాలుగా మార్చి, ఒక్కసారి కూడా చదవకుండా అచ్చేసినట్టుంది. మొదటి లైను యాదృచ్ఛికంగా కరెక్టు కావడమే మా కొంప ముంచింది. అదీ తప్పయి ఉంటే వాడికి అప్పుడే అనుమానం వచ్చేది.

ఇది అచ్చుతప్పే అనుకుందాం. ఇంకోచోట డబ్బా గీసి మరీ ఒక "సూత్రం" ఇచ్చారు: 2ని n-1 ఘాతానికి పెంచి n తో భాగిస్తే శేషం 1 వస్తే n ప్రధాన సంఖ్యే అని. 341ని తీసుకోండి. 1024 అంటే మూడు 341లు, పైన 1. కాబట్టి 2¹⁰కి శేషం 1, అలాంటి 2¹⁰లు 34 తీసుకుని ఒకదానితో ఒకటి గుణిస్తే వచ్చే 2³⁴⁰కీ శేషం 1. కానీ 341 అంటే 11 × 31. పరీక్షలో పిల్లవాడు ఈ సూత్రాన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

రిటర్న్ పెడితే పేజీ ఫొటో అడిగారు. పంపాను. "ప్రింట్ క్లియర్‌గానే ఉంది కదా సార్" అని జవాబు. గట్టిగా అడిగితే రీప్లేస్‌మెంట్ పంపారు. అదే పుస్తకం! అది వచ్చేలోపు డబ్బు వాపసు గడువు అయిపోయింది.

తర్వాతి తప్పు మాత్రం పూర్తిగా నాదే. రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించిన హార్డీ, రైట్‌తో కలిసి రాసిన 1938 నాటి పుస్తకం తెప్పించాను. గొప్ప పుస్తకమే, కాదనను. కానీ అందులో అభ్యాసాలు ఉండవు. తొమ్మిదో తరగతి పిల్లవాడు లెక్కలు చెయ్యకుండా ఏం నేర్చుకుంటాడు? అది ఇప్పుడు నా బీరువాలో ఉంది. చివరికి డేవిడ్ బర్టన్ పుస్తకం కుదిరింది. సెక్షన్ సెక్షన్‌కీ లెక్కలున్నాయి, మధ్యలో చరిత్ర కబుర్లూ ఉన్నాయి. డబ్బు పెట్టలేనివాళ్లకు విలియం స్టైన్ పుస్తకం పీడీఎఫ్ ఆయన వెబ్‌సైట్‌లోనే ఉచితంగా దొరుకుతుంది, కాకపోతే అది డిగ్రీ స్థాయిది.

కొనేముందు అట్ట ఫొటో చూసి మోసపోకండి. ఫెర్మా సిద్ధాంతం ఉన్న పేజీ ఫొటో పంపమనండి. ఘాతాంకం పైన, చిన్నగా, చదవగలిగేట్టు ఉందా చూడండి. జిరాక్స్ కాపీలను కొత్త పుస్తకాలుగా అమ్మేవాళ్లూ ఉన్నారు, వాటిలో ముందు చెడేది ఆ చిన్న అంకెలే. పంపనంటే వదిలేయండి. ఇప్పటికే కొన్నవాళ్లయితే ఈ రాత్రికే నాలుగు పేజీలు తిప్పి, రిటర్న్ గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి.