కంపెనీ లీజులో కారు తీసుకుంటున్నారా? చాసిస్ నంబరు చేతికి రాకుండా సంతకం పెట్టకండి

ఆఫీసులో కార్ లీజు స్కీమ్‌కి పేరు ఇచ్చినవాళ్లు, ఇద్దామనుకుంటున్నవాళ్లు ముందు ఇది చదవండి. ముఖ్యంగా ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లే అయిన నాలాంటివాళ్లు. ఈ జనవరిలో, సంక్రాంతికి కాస్త ముందు, మా కంపెనీ లీజులో నాకు కారొచ్చింది. కొత్తదే అన్నారు. తీరా చూస్తే బండి తయారైంది 2025 ఫిబ్రవరిలో. అంటే దాదాపు ఏడాదిపాటు ఏదో యార్డులో ఎండకి ఎండి వానకి తడిసి, కొనేవాడు దొరక్క, చివరికి లీజు ఆర్డరు కదా ఎవరు చూస్తారులే అని నాకు అంటగట్టారు. షోరూం పేరు, లీజు కంపెనీ పేరు ఇక్కడ రాయట్లేదు, ఫిర్యాదు నడుస్తోంది. అయినా ఇది ఆ ఒక్క షోరూం సంగతి కాదు, లీజు పద్ధతే అలా ఉంది.

సొంతంగా కారు కొనేటప్పుడు డబ్బు మన చేతిలో ఉంటుంది. పూర్తిగా కట్టేలోపే యార్డుకి వెళ్లి పీడీఐ, అంటే డెలివరీకి ముందు బండి తనిఖీ, చేసుకుంటాం, నచ్చకపోతే ఇంకో బండి చూపించమంటాం, గట్టిగా మాట్లాడితే బుకింగ్ క్యాన్సిల్ అంటాం. లీజులో ఇన్‌వాయిస్ లీజు కంపెనీ పేరు మీద ఉంటుంది, డబ్బు కట్టేది వాళ్లు, ఆర్‌సీ కూడా వాళ్ల పేరు మీదే, మన కంపెనీ నెలనెలా మన జీతంలోంచి అద్దె కోసి వాళ్లకి పంపిస్తుంది. మనం కారు మొహం చూసేసరికి పేమెంట్ అయిపోయి, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) పడిపోయి, ఇన్సూరెన్స్ కూడా అయిపోయి ఉంటుంది. షోరూంవాళ్ల లెక్కలో మనం తాళాలు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి, అంతే. పాత స్టాకు వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి గిరాకీ వాళ్లకి ఎక్కడ దొరుకుతుంది చెప్పండి, అదీ సంవత్సరం మారే రోజుల్లో.

నేను పీడీఐ అడిగాను. మెయిల్లోనూ అడిగాను, వాట్సాప్‌లోనూ అడిగాను. "లీజు బండ్లకి పీడీఐ ఉండదు సర్, మా క్వాలిటీ టీమ్ చూసేసింది" అని జవాబు. అలా ఏ కాగితంలో ఉందో చూపించమంటే లీజు కంపెనీని అడగమన్నారు, వాళ్లని అడిగితే అది షోరూం చూసుకుంటుందన్నారు. పోనీ చాసిస్ నంబరైనా ఇవ్వండి (బండి ఏ సంవత్సరంలో తయారైందో దాన్నిబట్టి తెలుస్తుంది) అంటే "బండి అలాట్ అవ్వగానే పంపిస్తాం సర్". బండి అలాట్ అయింది, టీఆర్ కూడా వచ్చింది, నంబరు మాత్రం పంపలేదు.

డెలివరీ రోజు మా నాన్నతోపాటు బాబాయి కూడా వచ్చాడు. బాబాయికి సూర్యాపేటలో మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడ షోరూంలో హడావుడి మామూలుగా లేదు, బండి మీద ఎర్ర గుడ్డ, రిబ్బను, నా ఎత్తున్న అట్టముక్క తాళంచెవి, ఫొటో తీసే కుర్రాడు, స్వీట్ డబ్బా. సేల్స్ అతను "ముహూర్తం దాటిపోతుంది సర్, ఇక్కడొక సంతకం" అంటూ డెలివరీ నోట్ ముందుకి తోస్తున్నాడు. బాబాయి ఆ గుడ్డ వైపు కూడా చూడలేదు, ముందు చక్రం దగ్గర కూర్చుని టైరు మీద దుమ్ము బొటనవేలితో తుడిచి, "కొత్త బండి అన్నవ్ గదరా, గీ టైర్లు నిరుడు సంక్రాంతివి" అన్నాడు. చూస్తే 0325 అని ఉంది. 2025లో మూడో వారం అన్నమాట. స్టెప్నీ తీయించి చూశాం, దాని మీద 0225. బ్రేక్ డిస్కుల అంచుల్లో ఎర్రగా తుప్పు, వైపర్ రబ్బరు గట్టిపడి అద్దం మీద కీచుమంటోంది, ఏసీ వేస్తే తడి గోనెసంచి వాసన. అన్నిటికంటే నాకు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది, స్క్రీన్‌లో బ్లూటూత్ లిస్టు తెరిచినప్పుడు. అప్పటికే ఎవరివో రెండు ఫోన్లు అందులో జతయి ఉన్నాయి. అదేంటని అడిగితే "యార్డులో కుర్రాళ్లు పాటలు విని ఉంటారు సర్" అంట! మరి ఆ పాటలు నిలబెట్టి విన్నారో తిప్పుతూ విన్నారో ఎవరికి తెలుసు.

సంతకం పెట్టకుండా వచ్చేద్దామంటే ఇంకో చిక్కు, టీఆర్ అయిపోయింది కాబట్టి అద్దె ఎలాగూ మొదలవుతుందని లీజు కంపెనీ మనిషి ఫోన్లోనే తేల్చి చెప్పాడు. అందుకని డెలివరీ నోట్ మీదే పెన్నుతో రాశాను: టైర్ల కోడ్, సేల్ సర్టిఫికెట్ (ఫారం 21)లో ఉన్న తయారీ నెల, తుప్పు, బ్లూటూత్ సంగతి, పీడీఐకి ఒప్పుకోలేదన్న విషయం. సేల్స్ అతను కంగారుపడి "అలా రాయకూడదు సర్, మా మేనేజర్ ఒప్పుకోడు" అన్నాడు. రాసిన తర్వాతే సంతకం చేసి, ఆ పేజీని ఫొటో తీసుకుని, అక్కడే నిలబడి షోరూంకీ లీజు కంపెనీకీ మెయిల్ పెట్టాను. ఇవాళ ఫిర్యాదులో నా దగ్గరున్న గట్టి కాగితం అదొక్కటే. మీరు కూడా ఖాళీ డెలివరీ నోట్ మీద సంతకం పెట్టొద్దు, వెనకాల ఎంతమంది చప్పట్లు కొడుతున్నా సరే.

తయారీ తేదీ పట్టుకోవడానికి మీకు మెకానిక్ బాబాయి అక్కర్లేదు. చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చాలా కంపెనీలు పదో స్థానంలో సంవత్సరం కోడ్ పెడతాయి, ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టీ అంటే 2026. నెల కోడ్ ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది కాబట్టి దాని కోసం తల బద్దలు కొట్టుకోకుండా ఫారం 21 అడగండి, షోరూం ఇచ్చే సేల్ సర్టిఫికెట్ అదే, అందులో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. ఆర్‌సీలో కూడా అవే ఎక్కుతాయి. ఇక టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. టైర్లు బండి కంటే రెండు మూడు నెలల ముందు తయారైతే అది మామూలే, ఏడాది తేడా ఉంటే మాత్రం అడగాల్సిందే.

వారంటీ డెలివరీ రోజు నుంచే కదా, పాతదైతే ఏంటి అని షోరూం మేనేజర్ నాతో వాదించాడు. అవును, వారంటీ అలాగే లెక్క. కానీ లీజు ముగిశాక ఈ బండిని నేను కొనుక్కుని ఎప్పుడైనా అమ్మాలంటే, కొనేవాడు మొదట చూసేది ఆర్‌సీలో తయారీ సంవత్సరమే. అప్పుడు ఈ మేనేజర్ వచ్చి వాడికి వారంటీ గురించి పాఠం చెప్తాడా?

నడపడానికి కారు బాగుంది, అది దాచను. నాలుగు మీటర్లలోపు పెట్రోలు బండి, క్లచ్ తేలిక, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో కాలు నొప్పి లేదు, విజయవాడ హైవే మీద సూర్యాపేట దాకా నిలకడగా వెళ్లింది, అమ్మకి వెనక సీటు నచ్చింది. డిక్కీ చిన్నది, ఊరి నుంచి బియ్యం బస్తా వస్తే ఇంకేమీ పట్టదు. బ్యాటరీ మాత్రం రెండు రోజులు కదపకుండా ఉంచితే పొద్దున్నే మూలుగుతోంది. ఏడాది నిలబెట్టిన బండికి అది వింతేమీ కాదనుకోండి.

ఇప్పుడు అసలు లెక్కకి వద్దాం, ఎందుకంటే కారు కొత్తదే వచ్చినా ఈ లెక్క చాలామందికి తేడా కొడుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు పెట్టిన సెషన్‌లో స్లైడు మీద పెద్ద అక్షరాలతో "టాక్స్ ఆదా 83 వేలు" అని ఉంది. నెలకి 24 వేల అద్దె, అంటే ఏడాదికి 2,88,000 మన పన్ను ఆదాయంలోంచి తగ్గుతుంది. ఇంజిను 1.6 లీటర్లలోపు ఉండి పెట్రోలు ఖర్చు కూడా కంపెనీ ఇస్తే, 2025-26కి నెలకి 1,800 చొప్పున 21,600 కారు సౌకర్యం విలువగా తిరిగి మన ఆదాయంలో కలుపుతారు, డ్రైవర్‌ని కూడా కంపెనీ ఇస్తే నెలకి ఇంకో 900. మిగిలిన 2,66,400 మీద 31.2 శాతం (30 శాతం పన్ను, దాని మీద సెస్సు) వేస్తే 83 వేలు వస్తుంది, నిజమే. కానీ ఆ రేటు 24 లక్షలు దాటిన ఆదాయానికి! కొత్త పన్ను విధానంలో 12 నుంచి 16 లక్షల మధ్య 15 శాతం, 16 నుంచి 20 మధ్య 20 శాతం. జీతం 18 లక్షలైతే, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేశాక, అదే కారుకి ఆదా అయ్యేది సుమారు 48 వేలు. జీతం మారితే ఈ అంకె కూడా మారుతుంది. స్లైడు చేసినవాడి జీతం ఎంతో గానీ, ఆ లెక్క కిందిస్థాయి ఉద్యోగులకి చూపించడం మాత్రం అన్యాయం. ఈ కలిపే విలువలు మారుతుంటాయి కాబట్టి మీరు ఏ సంవత్సరంలో తీసుకుంటున్నారో ఆ రూలు చూసి మీ స్లాబుతో మీరే లెక్క వేసుకోండి.

జీఎస్టీ సంగతి ఆ సెషన్‌లో ఎవరూ ఎత్తలేదు. కారు అద్దె మీద కారుకి ఉన్న రేటే పడుతుంది, 2025 సెప్టెంబరు 22 తర్వాత చిన్న పెట్రోలు కార్లకి 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. బ్యాంకులో లోన్ తీసుకుంటే వడ్డీ మీద జీఎస్టీ ఉండదు. ఇక్కడ వడ్డీ కూడా అద్దెలోనే కలిసి ఉంటుంది కాబట్టి దాని మీదా కడతాం. మన కంపెనీకి సాధారణంగా ఇలాంటి కార్ల మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే వీలు) రాదు, కాబట్టి ఆ భారం తిరిగి మన జీతం మీదే. దీనికి తోడు తెలంగాణలో వ్యక్తుల పేరు మీద కంటే కంపెనీల పేరు మీద కారుకి లైఫ్ టాక్స్ ఎక్కువ. లోన్‌తో పోల్చేటప్పుడు ఇవన్నీ కలిపి పోల్చండి, అద్దెని ఈఎంఐతో పోల్చి ఊరుకుంటే తేడా కనపడదు.

ఉద్యోగం మారే ఆలోచన ఉన్నవాళ్లు అగ్రిమెంటులో ఫోర్‌క్లోజర్ (లీజు గడువుకి ముందే ముగించడం) పేజీ ముందు చదవండి. నా దాంట్లో అయితే మధ్యలో మానేస్తే మిగిలిన అసలు, దాని మీద ఫోర్‌క్లోజర్ ఛార్జీ, దాని మీద జీఎస్టీ కట్టి కారు తీసుకోవాలి, లేదా కొత్త కంపెనీ ఒప్పుకుంటే లీజు అక్కడికి మార్చుకోవాలి. అది తేలేదాకా ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ (మానేసేటప్పుడు కంపెనీ మనకి ఇవ్వాల్సిన ఆఖరి లెక్క) ఆపుతారు. మన వయసులో రెండేళ్లకోసారి కంపెనీ మారేవాళ్లే ఎక్కువ కదా. అన్నట్టు ట్రాఫిక్ చలానా కూడా ముందు లీజు కంపెనీకి వెళ్లి, వాళ్ల సర్వీస్ ఛార్జీ తగిలించుకుని మన దగ్గరికి వస్తుంది.

"మీ పేరు మీద లేని కారుకి మీరెలా ఫిర్యాదు చేస్తారు" అని నన్ను భయపెట్టారు. వాళ్ల మాట విని ఆగిపోకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారి అనుమతితో ఆ వస్తువుని వాడుకునేవారు కూడా వినియోగదారులే. కంపెనీ కొన్నది కాబట్టి వ్యాపారం కోసమే అన్న వాదన కూడా ప్రతిసారీ నిలబడదు. డైరెక్టరు సొంత వాడకానికి ఒక కంపెనీ కొన్న కారు విషయంలో ఆ వాదనని 2024 జూలైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయించండి, డబ్బు ఖర్చు ఉండదు. హెచ్‌ఆర్‌కి కూడా రాతపూర్వకంగా పెట్టండి, ఎందుకంటే షోరూంకి లీజు కంపెనీ భయం, లీజు కంపెనీకి మన కంపెనీ భయం, ఆ వరుసలోనే పని కదులుతుంది. నా మెయిల్‌కి హెచ్‌ఆర్ కాపీలో చేరాకే షోరూం మేనేజర్ తనంతట తాను ఫోన్ చేశాడు.

ప్రస్తుతానికి వాళ్లు ఇస్తామంటున్నది కొత్త బ్యాటరీ, సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్లు. నేను అడుగుతున్నది అయిదు టైర్లు మార్చడం, లేదంటే పాత స్టాకుకి బయట కొనేవాళ్లకి ఇచ్చే డిస్కౌంటు ఇన్‌వాయిస్‌లో తగ్గించి దాని ప్రకారం నా అద్దె తగ్గించడం. సీటు కవర్లు వద్దని రాసి పంపాను, జవాబు రావాలి. నేను డెలివరీ నోట్ మీద రాసిన వాక్యాలు, లీజు కంపెనీకి పంపిన మెయిల్ కావాల్సినవాళ్లు అడగండి, పేర్లు తీసేసి పెడతాను.