ఆగిన హ్యాక్‌మన్, ఆగని హాప్కిన్స్

వయసు పైబడితే గొప్ప నటుల్లో తపన చల్లారుతుందా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఇద్దరు గుర్తొస్తారు.

జీన్ హ్యాక్‌మన్ రెండు ఆస్కార్ల నటుడు. 2004 తర్వాత మరే సినిమాలోనూ నటించలేదు. అప్పటికి ఆయనకు 74 ఏళ్లు. ఆసక్తి పోయిందనుకోవడం తొందరపాటే. గుండె ఒత్తిడిని తట్టుకోలేదని వైద్యుడు హెచ్చరించాడు. ఆ తర్వాత ఆయన నవలలు రాసుకున్నారు. తపన చోటు మారిందంతే.

ఆంథనీ హాప్కిన్స్ దారి వేరు. 2021లో, 83 ఏళ్ల వయసులో ఉత్తమ నటుడిగా ఆస్కార్ గెలిచారు. అంత పెద్ద వయసులో ఆ బహుమతి అందుకున్న నటుడు అంతకుముందు లేడు. ‘ది ఫాదర్’ సినిమాలో జ్ఞాపకశక్తి కోల్పోతున్న వృద్ధుడి పాత్ర అది. చివర్లో ఆ మనిషి పసివాడిలా అమ్మ కోసం ఏడుస్తాడు. ఆ వణుకు, ఆ చూపులోని దిక్కుతోచనితనం నలభై ఏళ్ల నటుడికి సాధ్యమా? నాకు నమ్మకం లేదు. స్క్రిప్టును వందసార్లకు పైగా చదివే అలవాటు కూడా ఆయన మానలేదు.

ఎవరు గొప్ప అంటే నా మనసు హాప్కిన్స్ వైపే మొగ్గుతుంది, వార్ధక్యాన్నే పనిముట్టుగా మలచుకున్నందుకు. అయినా హ్యాక్‌మన్ మౌనాన్ని అలసట అనడానికి మాత్రం నేను ఒప్పుకోను.