అప్రెంటిస్ పిల్లలా, కూలి పిల్లలా: తొలినాటి ఇంగ్లండ్ నూలు మిల్లుల లెక్క

మిల్లు యజమానులు పిల్లల్ని రెండు దారుల్లో తెచ్చుకునేవారు. ఒకటి, పారిష్ (పేదల్ని చూసుకునే చర్చి పరిధి ప్రాంతం) పోషణలోని అనాథలనూ పేదపిల్లలనూ ఒప్పందం మీద అప్రెంటిస్‌లుగా తీసుకోవడం. రెండు, ఇంటి నుంచి వచ్చి పోయే కూలి పిల్లలు. పని మాత్రం ఒకటే: తెగిన పోగులు అతకడం, నడుస్తున్న యంత్రం కింద దూరి దూది ఏరడం. వేళ్లు నలిగేది అక్కడే.

ఖర్చు: అప్రెంటిస్‌కు తిండి, బట్ట, పడక యజమానివే; జీతం దాదాపు ఉండదు. కూలి పిల్లలకు వారం జీతమొక్కటే.

గిరాకీ పడిపోతే: కూలి పిల్లల్ని మానిపిస్తారు. అప్రెంటిస్‌లకు తిండి పెట్టక తప్పదు.

పారిపోతే: అప్రెంటిస్‌ను పట్టి తెచ్చేవారు, ఒప్పందం అలాంటిది.

చట్టం దగ్గర తేడా పెద్దది. 1802 చట్టం అప్రెంటిస్‌లకు రోజుకు 12 గంటల హద్దు పెట్టింది, మంచానికి ఇద్దరికి మించకూడదంది. కూలి పిల్లలకు ఆ గంటల హద్దు 1819లో గానీ రాలేదు. 9 ఏళ్లలోపు వారిని మిల్లులో పెట్టకూడదన్నదీ అప్పుడే. కానీ జీతం తీసుకుని తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు 1833 చట్టంతో వచ్చారు, అదీ నలుగురే. అంతవరకు గంటల హద్దు చాలాచోట్ల కాగితం మీదే ఉంది. అప్రెంటిస్ పిల్లల గతి మరీ ఘోరం: దెబ్బ తగిలితే రాత్రికి చూసుకునే అమ్మ కూడా లేదు.

జనం పలచగా ఉన్న ఏటి ఒడ్డున నీటి చక్రంతో నడిచే మిల్లుకు అప్రెంటిస్‌లే దిక్కు. స్టయాల్ ఊళ్లోని క్వారీ బ్యాంక్ అనే మిల్లు 1790లో వాళ్లకోసం ఇల్లే కట్టించింది. ఆవిరి యంత్రంతో మాంచెస్టర్ లాంటి నగరంలో నడిచే మిల్లుకు కూలి పిల్లలే చవక.