పాత పుస్తకాన్నే మళ్లీ చదవడం: చాలాకాలం వాడి చూశాక

ఇష్టమైన కథేతర పుస్తకాలను ఏళ్ల తరబడి తిప్పితిప్పి చదివే అలవాటు మీద ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తాను. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా రెండోసారి చదువుకుంటూ పోతే హాయిగా ఉంటుంది గానీ ఒంటబట్టేది తక్కువ. పుస్తకం తెరవకముందే గుర్తున్నదంతా కాగితం మీద పెట్టి, ఆ తర్వాత తెరిస్తేనే పని జరుగుతుంది. మిగతా సరంజామా అంతా దీని చుట్టూ అల్లుకున్నదే.

చదివిన పుస్తకంలో ప్రతి వాక్యమూ తెలిసినట్టే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. 2006లో రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ తేడాను కొలిచారు. చిన్న వ్యాసాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత 81 శాతం గుర్తుంది. ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా రాసినవాళ్లకు 75 శాతమే. వారం గడిచాక లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినవాళ్లకు 42 శాతం మిగిలితే, రాసినవాళ్లకు 56 శాతం మిగిలింది. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివేవాళ్లకు ఇదేం కొత్త సంగతి కాదు. బిట్లు చేయకుండా రివిజన్ మాత్రమే చేసుకుంటే పరీక్ష హాల్లో ఏమవుతుందో వాళ్లకు బాగా తెలుసు.

పద్ధతి ఇదీ. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి, హెచ్‌బీ పెన్సిలు ఒకటి. పుస్తకం మూసే ఉంచి ఇరవై నిమిషాలు రాయాలి. రచయిత అసలు వాదన మూడు వాక్యాల్లో, గుర్తున్నంతవరకు అధ్యాయాల వరుస, ఒక్కో అధ్యాయంలో ఆయన చూపిన ఆధారాలు. పేర్లు, సంవత్సరాలు తప్పుగా రాసినా ఫరవాలేదు. ఖాళీగా వదిలేయడం కంటే తప్పు రాయడమే మేలు, ఎందుకంటే తర్వాత దిద్దుకున్నది గట్టిగా నిలుస్తుంది. అప్పుడు విషయసూచిక తెరిచి పోల్చాలి. పేరు కూడా గుర్తురాని అధ్యాయాల పక్కన గుండ్రం చుట్టాలి. పేరు గుర్తుండి ఆధారాలు గుర్తులేని వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. ఈసారి చదవాల్సినవి ఈ రెండు రకాలే. మామూలుగా పుస్తకంలో మూడో వంతు నుంచి సగం దాకా తేలతాయి. డెమీ సైజు 300 పేజీల పుస్తకానికి రాతతో కలిపి ఐదారు గంటలు పడుతుంది. ఒక్కో అధ్యాయం అయ్యాక పుస్తకం మూసి నాలుగైదు వరుసలు రాయందే తర్వాతి దానిలోకి వెళ్లకూడదు. ఈ చివరి నియమాన్ని తప్పించుకోవాలని ప్రతిసారీ అనిపిస్తుంది. తప్పించుకుంటే మాత్రం ఇదంతా దండగ.

నోట్‌బుక్‌లో ఎడమ పేజీ ప్రశ్నకు, కుడి పేజీ జవాబుకు. ప్రశ్న ఎలా వేసుకుంటామన్నదాని మీదే ఫలితం ఆధారపడి ఉంటుంది కాబట్టి ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’, 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడెమీ పురస్కారం తెచ్చిన పుస్తకం. మొదటిసారి చదివినప్పుడు తిండి, బట్ట, ఆటలు, జాతరలు, పందేలు, ఈ వివరాల వెంటే కన్ను పరిగెడుతుంది. ‘కాకతీయుల కాలంలో జనం ఎలా బతికారు?’ అని రాసుకుంటే జవాబు మళ్లీ ఆ జాబితానే అవుతుంది. రెండోసారి వేయాల్సిన ప్రశ్న ఇంకోటి: ఈ వివరం ఆయనకు ఎక్కడ దొరికింది? అలా చదివితే ఓరుగల్లు వీధుల గురించి ఆయన ‘క్రీడాభిరామం’ మీద ఎంత ఆధారపడ్డారో కనిపిస్తుంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఊరంతా తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకునే వీథి నాటకం అది. కానీ కాకతీయ రాజ్యం 1323లో కూలింది, ఈ తెలుగు కావ్యం ఆ తర్వాతిది. వినుకొండ వల్లభరాయడు రాశాడా, శ్రీనాథుడా అన్న వివాదం ఉంది. సంస్కృతంలో రావిపాటి త్రిపురాంతకుడు రాసిన ‘ప్రేమాభిరామం’ దీనికి మూలం అంటారు, ఆ మూలం మనకు దొరకలేదు. కనుక అందులోని వీధులు ఏ కాలం ఓరుగల్లువి? మూలంలోనివా, తెలుగు చేసినాయన చూసినవా? ఈ ప్రశ్న ఎడమ పేజీలోకి ఎక్కిందంటే ఆ అధ్యాయం మొత్తం కొత్తగా తెరుచుకుంటుంది. పైగా కావ్యాన్ని చరిత్రకు సాక్ష్యంగా ఎలా వాడాలో, ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. ఆ మెళకువ ఇంకో పది పుస్తకాలకు పనికొస్తుంది.

మూడో విడతకు ఒక్క ప్రశ్న చాలు: ఇందులో లేనివాళ్లెవరు? సాంఘిక చరిత్రలకు ఈ ప్రశ్న బాగా పనిచేస్తుంది. సైన్సు పుస్తకాలకు అంతగా పనికిరాదు.

విడతకూ విడతకూ మధ్య ఎడం ఎంత? 2008లో సెపెడా బృందం చేసిన ప్రయోగంలో, దాదాపు ఏడాది తర్వాత పెట్టిన పరీక్షకు అన్నిటికంటే బాగా పనిచేసింది 21 రోజుల ఎడం. అక్కడ నేర్పినవి విడివిడి విషయాలు, పుస్తకం కాదు, కాబట్టి ఆ అంకెను పట్టుకుని వేలాడక్కర్లేదు. నోట్‌బుక్ ప్రశ్నలను మూడు వారాలయ్యాక ఒకసారి, మూడు నెలలయ్యాక మళ్లీ ఒకసారి కుడి పేజీ మూసి చూసుకుంటే సరిపోతోంది. పుస్తకాన్ని మళ్లీ తెరవడానికి ఏడాది ఆగడం మంచిది. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రోలో నిలబడే చోటు తప్ప దొరకని వేళ ప్రశ్నలు నెమరేసుకోవడానికి భేషుగ్గా ఉంటుంది. పుస్తకం తెరిచి చదవడానికి మాత్రం కాదు.

ఎక్కడ బెడిసికొడుతుందంటే, అన్నిటికన్నా ముందు పాత గీతల దగ్గర. మొదటిసారి గీసిన అండర్‌లైన్లు రెండోసారి కన్నును లాగేస్తాయి. గీత లేని వాక్యం ఉన్నా లేనట్టే. మొదటిసారికి మార్జిన్‌లో ఒక చుక్క, రెండోసారికి రెండు చుక్కలు, అంతకుమించి పెట్టకపోతే ఈ తిప్పలు తప్పుతాయి. గీతలతో నిండిపోయిన ప్రతి ఉంటే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంకో ప్రతి కోసం వెతకడం ఉత్తమం. లేదంటే వేరే ముద్రణ. సురవరం పుస్తకం వికీసోర్స్‌లోనూ ఉంది. ఏ కావ్యం పేరు ఎన్నిచోట్ల వచ్చిందో వెతకడానికి అదే సులువు. లైబ్రరీ ప్రతి అయితే చీటీ మీద పేజీ నంబరు, రెండు మాటలు. అఫ్జల్‌గంజ్ లైబ్రరీ పుస్తకంలో పెన్సిలు గీతలు పెట్టేవాళ్లను ఏమనాలో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

రెండోది, ఎప్పుడూ మొదటి అధ్యాయం నుంచే మొదలెట్టడం. అలా చేస్తే తొలి యాభై పేజీలు కంఠతా వస్తాయి, చివరి వంద ఎప్పటికీ రావు. మూడోది, పాతబడిన విషయాలను భక్తితో నేర్చుకోవడం. 2006కు ముందు వచ్చిన ఖగోళ పుస్తకంలో ప్లూటో గ్రహమే. సంకల్పబలం వాడేకొద్దీ ఖర్చయిపోతుందని 1998 నాటి ముల్లంగి, చాక్లెట్ ప్రయోగాన్ని (ఎదురుగా చాక్లెట్లు పెట్టి ముల్లంగి మాత్రమే తినమంటే, ఆ తర్వాత ఇచ్చిన చిక్కు లెక్కను వాళ్లు త్వరగా వదిలేశారట) ఆధారం చేసుకుని రాసిన పుస్తకాలు ఎన్నో. 2016లో ఆ సిద్ధాంతాన్ని 23 ప్రయోగశాలల్లో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. మళ్లీ చదివేముందు కాపీరైట్ పేజీలో సంవత్సరం చూసుకుని, ముఖ్యమైన రెండు మూడు నిర్ధారణలు ఇప్పటికీ నిలిచాయో లేదో సరిచూసుకోవాలి.

ఒకే ఆలోచనను 200 పేజీలకు సాగదీసిన వ్యక్తిత్వ వికాస పుస్తకాలకు ఈ శ్రమ అక్కర్లేదు. ఒక పేజీ నోట్సు రాసుకుని ఎవరికైనా ఇచ్చేయొచ్చు. వాదన ఉండి, ఆ వాదనకు ఆధారాలు చూపి, వాటితో మనం గొడవపడే వీలున్న పుస్తకాలే దీనికి తగినవి.

ఇక కాగితం సంగతి. పాత తెలుగు ముద్రణల పల్చటి కాగితం మీద హైలైటర్ వెనక పేజీకి దిగుతుంది. రంగు స్టిక్కర్లు ఎండాకాలం దాకా వదిలేస్తే జిగురు అక్కడే ఉండిపోతుంది, పెళుసు కాగితమైతే పీకేటప్పుడు పొర లేచివస్తుంది. పాత క్యాలెండర్‌ను సన్నగా కత్తిరించిన ముక్కలు చాలు. గమ్ బైండింగ్ పుస్తకాన్ని ఒకేసారి మధ్యకు విరిచి తెరిస్తే వీపు పగిలి పేజీలు ఊడతాయి. ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు మార్చి మార్చి ఒత్తుతూ తెరవాలి. అప్పటికే ఊడితే దారంతో కుట్టించి క్యాలికో గుడ్డ బైండు వేయించుకోవచ్చు. అయితే బైండింగ్ అయ్యాక అంచులు సమానంగా రావడానికి మూడు వైపులా కోసేస్తారు, మార్జిన్‌లో పెన్సిలుతో పెట్టిన చుక్కలు, మాటలు దాంతోపాటే పోతాయి. కటింగ్ వద్దని పుస్తకం ఇచ్చేటప్పుడే చెప్పి, పై అట్ట మీద కూడా రాసి ఇవ్వండి.