బెదురు పిల్లికి ఓర్పు గల ఇల్లు: కడపలోని ఒక ఆశ్రయం దత్తత సేవపై సమీక్ష

కడప పట్టణం అంచున, ఒక అద్దె ఇంటి మేడమీద నడిచే చిన్న పిల్లుల ఆశ్రయం నుంచి, వయసు వచ్చిన ఒక ఆడ పిల్లిని మా ఇంటికి తెచ్చుకున్నాము. ఆ ఆశ్రయంవారు బెదురు పిల్లులకు ఇళ్ళు వెదికి అప్పగించే పద్ధతిని గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. ఆశ్రయం పేరు, చిరునామా ఇక్కడ ఇవ్వకపోవడం నిర్వాహకుల కోరిక మేరకే. ఆచూకీ నలుగురికీ తెలిసిన ప్రతిసారీ తెల్లవారేసరికి గేటు ముందు అట్టపెట్టెల్లో కళ్ళు తెరవని కూనలు కనబడుతున్నాయని, ఉన్న వాటికే చోటు చాలడం లేదని వారు చెప్పారు.

మన ఊళ్ళలో పిల్లిని దత్తతకు ఇవ్వడమంటే సాధారణంగా వాట్సాప్‌లో ముద్దుగా ఉన్న ఒక ఫొటో పెట్టడం, ముందుగా ఫోను చేసిన వారి చేతిలో బుట్ట పెట్టి పంపడం. మనిషి కనబడగానే కాళ్ళకు చుట్టుకొనే కూనల విషయంలో ఆ పద్ధతి చాలావరకు సరిపోతుంది. బెదురు పిల్లిని అలా పంపితే అది మంచం కిందనుంచి బయటికి రాదు, తెచ్చుకున్నవారికి వారం తిరిగేసరికి విసుగు పుడుతుంది, పిల్లి మళ్ళీ ఆశ్రయానికి చేరుతుంది, అంతకుముందున్న భయానికి మరో ఇల్లు మారిన భయం తోడవుతుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్ళు తిప్పుతుందని మన పెద్దలంటారు కానీ, అది తల్లి నోట కరచుకొని తిప్పే తిరుగుడు; మనుషులు బుట్టలో పెట్టి తిప్పేది వేరు. ఈ ఆశ్రయంవారు చేసే పనిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది, ఇవ్వడానికి తొందరపడకపోవడం. పిల్లిలోని కష్టమైన గుణాలను ముందు చెబుతారు, అందం సంగతి తర్వాత.

మేము తెచ్చుకున్న పిల్లికి వారు పెట్టిన పేరు మిరియం. బియ్యం నిలవచేసే ఒక గోదాములో పుట్టి, మనుషుల చేయి తగలకుండానే పెరిగి, గోదాము ఖాళీ చేసినప్పుడు వీరి దగ్గరకు చేరింది. దాని గురించి వారు పంపిన ఒక పేజీ వివరణ తెలుగులో, చక్కని చేతిరాతలో ఉంది. అందులో మొదటి వాక్యాలు ఇవి: "ఒళ్ళో కూర్చోదు. కూర్చుంటుందని ఆశపెట్టుకొని తీసుకోవద్దు. ఎత్తుకోబోతే రక్కుతుంది. అలికిడి లేని ఇంట్లో, తన వేళకు తిండి దొరికితే, తనంతట తానే దగ్గరకు రావచ్చు, రాకపోవచ్చు కూడా." పెంపుడు జంతువును అప్పగించేవారు "రాకపోవచ్చు కూడా" అని రాసి ఇవ్వడం నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. మేము ఆ పిల్లినే ఎంచుకోవడానికి ఆ మాట ఒక కారణం.

భయం ఎక్కడినుంచి వస్తుందో కూడా వారు వివరంగా చెబుతారు. పిల్లి కూనకు సుమారు 2 నుంచి 7 వారాల వయసు మధ్య మనుషుల స్పర్శ, మాట, ఇంటి చప్పుళ్ళు అలవాటైతే అవి జీవితాంతం మామూలు విషయాలుగా ఉండిపోతాయి. ఆ వారాలు మనిషి ఎరుక లేకుండా గడిచిపోతే పెద్దయ్యాక ప్రతి మనిషీ దానికి కొత్త ప్రమాదమే. కనుక మిరియాన్ని ఎవరో కొట్టి ఉంటారని, హింసించి ఉంటారని ఊహించుకొని జాలిపడనవసరం లేదని ఆశ్రయం నడిపే అమ్మ మాకు ముందే చెప్పింది. అది సరైన సలహా. జాలిపడే మనిషి ఊరుకోలేక మాటిమాటికీ ఓదార్చబోతాడు, బెదురు పిల్లికి కావలసింది ఓదార్పు కాదు, దూరం.

వారు చేసే మరొక మంచి పని, బెదురు పిల్లిని అడవి పిల్లిలా పెరిగిన వీధి పిల్లినుంచి వేరుచేసి చూడడం. మనిషి గదిలో ఉన్నంతసేపు ఎన్ని వారాలైనా తిండి ముట్టని, గోడలెక్కి పారిపోజూసే పెద్ద పిల్లిని వారు ఏ ఇంటికీ ఇవ్వరు. దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించి, గుర్తుకోసం ఎడమ చెవి కొన కత్తిరించి, తిండి పెట్టే మనిషి ఉన్నచోట, అది పట్టుబడిన వీధిలోనే వదులుతారు. మిరియం మాత్రం మనిషి వీపు తిప్పి కూర్చుంటే పళ్ళెం దగ్గరకు వచ్చేది, తలుపు సందునుంచి మనుషులను గమనించేది. ఆ కుతూహలం ఉంది కనుకనే దానికి ఇల్లు వెదికారు. అందరికీ ఇల్లే స్వర్గమని అనుకోని ఈ వివేకం నాకు నచ్చింది.

ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు వారు అడిగిన ప్రశ్నలు పెళ్ళిచూపులను తలపించాయి. ఇంట్లో ఎందరుంటారు, చిన్నపిల్లలు వస్తూపోతూ ఉంటారా, కుక్క ఉందా, అద్దె ఇల్లయితే యజమానికి తెలుసా, మేడ తలుపు తీసి ఉంచే అలవాటుందా అని అడిగారు. కిటికీలకు దోమల జాలీ ఉన్నా, పిల్లి గోళ్ళకు అది చిరిగిపోతుందని, లోపలివైపు ఇనుప జాలీ బిగించేదాకా పిల్లిని ఇవ్వమని చెప్పారు. మా పడక గదిలో కడప బండ పరిచిన అటకను చూసి, దానిమీది పాత బిందెలను, పెట్టెలను దింపి ఒక మూలను ఖాళీ చేయమన్నారు. బెదురు పిల్లికి ఎత్తైన చోటు దొరికితే ధైర్యం వస్తుంది కానీ, సామాన్ల వెనుక ఇరుక్కుపోతే దాన్ని బయటికి తీయడం మనిషికీ పిల్లికీ ఇద్దరికీ శిక్ష. ఎండాకాలంలో అటక వేడెక్కుతుంది కనుక మంచం కింద నేల బండమీద కూడా ఒక చోటు ఉండాలన్నారు. నలభై డిగ్రీలు దాటే మన ఎండలు తెలిసినవారు మాత్రమే ఇవ్వగల సలహా ఇది.

తిండి విషయంలో వారి పట్టుదల కొందరికి నచ్చకపోవచ్చు. శాకాహారం తినే ఇంట్లో పిల్లికి మాంసం గానీ, దానికోసం తయారుచేసిన తిండి గానీ పెట్టడానికి ఒప్పుకోకపోతే పిల్లిని ఇవ్వరు. పెరుగన్నంతో పిల్లులు బతకడం మనమంతా చూశాము కదా అని మా అత్తమ్మ అడిగితే, అవి బయట ఎలుకనో పిట్టనో పట్టుకొని తింటున్నందువల్లే బతికాయని, ఇంటి లోపలే ఉండే పిల్లికి టారిన్ అనే పదార్థం మాంసంనుంచే అందాలని, అది లేకపోతే చూపు, గుండె దెబ్బతింటాయని ఓపికగా చెప్పారు. పాలు చాలా పెద్ద పిల్లులకు అరగవని, ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర పెట్టకూడదని, జ్వరంగా ఉందనిపిస్తే మనం వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటిచ్చినా పిల్లి ప్రాణం పోవచ్చని కూడా హెచ్చరించారు. పొద్దున బయలుదేరేటప్పుడు పిల్లి ఎదురైతే కూర్చొని నీళ్ళు తాగి వెళ్ళే మా అత్తమ్మ, రోజూ ఇంట్లోనే ఎదురయ్యే పిల్లికి శకునం వర్తించదని తనే తీర్పు చెప్పుకొని ఒప్పుకుంది.

ఆ తర్వాత వెంటనే పిల్లిని ఇస్తారనుకుంటే పొరపాటు. సాయంత్రాలు ఆశ్రయానికి వచ్చి, మిరియం ఉన్న గదిలో ఊరికే కూర్చొని వెళ్ళమన్నారు. మొదటిసారి నేను దానివైపే చూస్తుంటే అక్కడి యువకుడు, "సార్, మీరు పిల్లిని చూడొద్దండి, గోడను చూడండి" అన్నాడు. కన్నార్పకుండా చూడడం పిల్లి భాషలో బెదిరింపు. కళ్ళు సగం మూసి, నెమ్మదిగా తెరవడం మాత్రం స్నేహ సంకేతం. ఇది వట్టి నమ్మకం కాదు: ఇంగ్లండులోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషి అలా నెమ్మదిగా రెప్పలు వాల్చినప్పుడు పిల్లులు కూడా కళ్ళు చికిలించి బదులిచ్చాయి, కొత్త మనిషి చాచిన చేతి దగ్గరకు రావడానికి కూడా ఎక్కువగా మొగ్గుచూపాయి. గోడను చూస్తూ రెప్పలు వాల్చే మనిషిగా నేను కొన్ని వారాలపాటు ఆ మేడమీద కాలక్షేపం చేశాను. నా భార్య పక్కన కూర్చొని చిక్కుడుకాయలు ఒలిచేది. మిరియం ముందుగా అలవాటుపడింది ఆ చప్పుడుకే.

అప్పగించిన రోజు పిల్లితోపాటు అది పడుకొన్న పాత చీర ముక్క, అది మలమూత్రాలకు వాడిన మట్టి కొంత, అదే తిండి పొట్లం, అది దాక్కొనే అట్టపెట్టె కూడా ఇచ్చారు. చూడటానికి చిల్లర సామాను అనిపించినా, నా దృష్టిలో ఈ సేవలోని అసలైన నైపుణ్యం ఇక్కడే ఉంది. ఇల్లు మారినా వాసన మారదు. దాక్కొనే పెట్టె విలువను గురించి 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఉంది: నెదర్లాండ్స్‌లోని ఆశ్రయంలో కొత్తగా చేరిన 19 పిల్లులలో పెట్టె దొరికినవి, దొరకని వాటికంటే త్వరగా కుదుటపడ్డాయి. పిల్లిని మొదట ఒక్క గదికే పరిమితం చేయాలని, ఇల్లంతా ఒకేసారి వదిలితే దానికి అంతా శత్రు భూభాగమే అవుతుందని చెప్పారు. తిండి వేళ తప్పకూడదు, పెట్టెలో చేయి పెట్టి లాగకూడదు. రెండు రోజులు ఏమీ తినకపోతే మాత్రం ఓర్పు పేరుతో ఊరుకోకుండా వైద్యుడికి చూపాలి. తిండి మానిన పిల్లికి కాలేయంలో కొవ్వు పేరుకొని ప్రాణంమీదికి వస్తుంది. మిరియం మొదట రాత్రిళ్ళు మాత్రమే తిన్నది. రక్కితే ఏం చేయాలో కూడా దాచకుండా చెప్పారు: పిల్లికి టీకా వేసి ఉన్నా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా విషయం అడగాలి.

దత్తతకు రుసుము అంటూ లేదు. ఆపరేషను, టీకాల ఖర్చుకు తోచినంత ఇమ్మంటారు. కొంతకాలం పిల్లి కాగితాలమీద వారిదిగానే ఉంటుంది, కుదరకపోతే ఏ నిష్ఠూరమూ లేకుండా వెనక్కి తీసుకుంటామని రాసి ఇస్తారు. ఈ వెసులుబాటు తెచ్చుకున్నవారి మనసుమీది బరువు చాలా దించుతుంది. బరువు దిగిన మనిషి పిల్లిని తొందరపెట్టడు.

ఇక లోపాల సంగతి. వారు పిల్లిని పంపే ప్లాస్టిక్ బుట్టకు ముందువైపు మాత్రమే తలుపు ఉంది. బెదురు పిల్లికి పైమూత తీసేందుకు వీలున్న బుట్ట ఉండాలి. అప్పుడు వైద్యుడు దాన్ని బయటికి లాగకుండా, కింది సగంలోనే కూర్చోబెట్టి చూడగలడు. మా మొదటి వైద్య పరీక్ష ఈ ఒక్క కారణంతో అరకొరగా ముగిసింది. టీకాల కార్డు అసంపూర్తిగా ఉంది: మూడు వ్యాధులకు కలిపి వేసే టీకా రెండో విడత ఎప్పుడు వేశారో రాయలేదు, అడిగితే వెదికి చెప్పడానికి చాలా ఆలస్యం చేశారు. అప్పగించాక మొదట్లో రోజూ ఫోను చేసి అడిగినవారు ఆ తర్వాత క్రమంగా మానేశారు. సరిగ్గా దీపావళి ముందు, టపాసులకు పిల్లిని ఎలా సిద్ధం చేయాలో తెలియక మేమే ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చోట ఇది సహజమే కావచ్చు కానీ, ఇంత జాగ్రత్తగా ఇల్లు వెదికేవారు పండుగ జాగ్రత్తలను ఒక కాగితంమీద రాసి ముందుగానే చేతికిస్తే సరిపోయేది. పట్టణంలో పిల్లులను ఓపికగా చూసే వైద్యులు తక్కువ. పెద్ద అవసరం వస్తే ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలదాకా వెళ్ళాలని ముందే చెప్పి ఉంటే బాగుండేది. గొర్రెలు, గేదెలు బారులు తీరిన ఆవరణలో బెదురు పిల్లితో నిలబడడం ఎలా ఉంటుందో అక్కడికి వెళ్ళినవారికే తెలుసు.

మిరియం ఇప్పుడు పగటివేళ కూడా గదులన్నీ తిరుగుతుంది, నా భార్య వంటింట్లో ఉంటే గడపమీద కూర్చుంటుంది, బయటివారు వస్తే అటక ఎక్కుతుంది. ఎత్తుకోనివ్వదు. కాగితంమీద రాసి ఇచ్చినదానికి ఇది ఎక్కువా కాదు, తక్కువా కాదు.

పిల్లలు ఆడుకోవడానికి పిల్లి కావాలనుకొనే ఇళ్ళవారికి ఈ ఆశ్రయం తగదు. వారికి చొరవగల కూనలను ఇచ్చే చోట్లు వేరే ఉన్నాయి, వీరే ఆ దారి చూపిస్తారు. ఇంట్లో పెద్దవారు ఇద్దరే ఉండి, ఒక గదిని కొన్నాళ్ళు పిల్లికి వదలగలిగితే, పట్టణంలో పెంపుడు జంతువులను చూసే పశువైద్యులను అడిగి వీరి నంబరు తీసుకోవచ్చు. ముందు ఫోను చేసి సాయంత్రం వేళ వెళ్ళడం మేలు, పొద్దున గదులు కడిగే పనిలో ఉంటారు. మిరియం కంటే బెదురు ఎక్కువైన ఒక ఎర్ర చారల మగ పిల్లి ఇప్పుడు అక్కడ ఉంది. కుక్క లేని, మేడ తలుపు మూసి ఉంచే ఇల్లు దానికోసం వెదుకుతున్నారు.