గాలివానకు కింది గది, వరదకు మేడ: తుపాను రాత్రి ఏది మేలు?

తుపాను అనగానే తణుకు, తాడేపల్లిగూడెం, మండపేటల్లో చాలామంది "సముద్రం మనకి దూరం కదండీ" అంటారు. ఉప్పెన వరకు ఆ మాట నిజమే. గాలికీ, వానకీ ఆ దూరం చాలదు.

గాలికైతే కింది అంతస్తే మేలు, అదీ కిటికీలు లేని నడిమి గది. మేడ మీది రేకుల గది అసలు వద్దు. డాబా మీది ప్లాస్టిక్ ట్యాంకు సాయంత్రానికే నింపండి: వెయ్యి లీటర్లంటే టన్ను బరువు, కదలదు. ఖాళీదైతే ఎగిరి పక్కింటి మీద పడుతుంది. గాలి ఉన్నట్టుండి ఆగిందా, బయటికి రాకండి. తుపాను కన్ను మన మీదుగా పోతుంటే కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్ళీ కొడుతుంది. మొదటి గాలికి వదులైన రేకులు, కొమ్మలు అప్పుడే ఊడిపడతాయి.

నీటికైతే మేడే. కానీ ఏ నీరో చూడాలి. గోదావరి వరద చెప్పి వస్తుంది. హెచ్చరికలు భద్రాచలంలో 43, 48, 53 అడుగులకు, ధవళేశ్వరంలో 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారు. భద్రాచలం నీరు ధవళేశ్వరానికి రావడానికి సుమారు ఒక రోజు పడుతుంది. 2022 జులైలో లాగా భద్రాచలంలో 71 అడుగులు దాటినా, సర్దుకోవడానికి ఆ వ్యవధి ఉంటుంది.

డ్రెయిన్ ముంపు అలా కాదు. కుండపోత పడుతుండగా సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్లు లాగవు. గుర్రపుడెక్క వంతెనల కింద అడ్డుపడితే నీరు వెనక్కి తన్నుతుంది. లోతట్టు వీధులవాళ్ళు నిజంగా భయపడాల్సింది దీనికే, ఎందుకంటే అది గాలి ఉన్న రాత్రే వస్తుంది.

అందుకే సామాను వెలుగుండగానే పైకి, మనుషులు కింద; నీరు లోపలికొస్తే అప్పుడు మనుషులూ పైకి. ఇన్వర్టర్, బియ్యం, పత్రాలు ముందు ఎక్కించండి. గ్యాస్ బండకు రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, కిటికీ ఊచకు గొలుసుతో కట్టండి. నిండు బండ కూడా నీళ్ళలో తేలుతుంది. నీరు గడప తాకకముందే మెయిన్ ఆపాలి.

మెట్లు ఇంటి బయట ఉంటే ఈ పద్ధతి కుదరదు, గాలిలో ఎక్కలేరు. అలాంటి లోతట్టు ఇళ్ళవాళ్ళు, పెంకుటిళ్ళు, రేకుల ఇళ్ళవాళ్ళు సాయంత్రమే మెరకలో ఉన్న స్లాబు బడికి వెళ్ళడం మేలు.

నీరు తీశాక సంపు పూర్తిగా తోడి కడగండి. కొత్త నీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి అరగంట ఆగండి. తాగే నీరు మాత్రం మరిగించాల్సిందే.