ఆషాఢంలో ఓడరేవు

రిసార్టు ముందు ఆటో దిగేసరికి పొద్దున్న ఏడు కావస్తోంది. గేటుకి తాళం. ఆటో అతను నాలుగుసార్లు హారన్ కొడితే ఓ కుర్రాడు కళ్లు నులుముకుంటూ వచ్చి, "మీరు ఇయ్యాలేనా మేడమ్ వచ్చేది?" అన్నాడు. ఆ మూడు రోజులూ రిసెప్షన్, రూమ్ సర్వీసు, మోటారు వెయ్యడం, కుక్కల్ని తరమడం అన్నీ అతనే.

బోనాల సోమవారానికి ఇంకో రెండు రోజులు సెలవు కలుపుకుని బయల్దేరాం. నేను, మా ఆయన, పిల్లలిద్దరు, అత్తయ్య. ఆదివారం రాత్రి సికింద్రాబాద్‌లో సింహపురి ఎక్కితే తెల్లారేసరికి చీరాల. అక్కణ్ణించి ఓడరేవు అనే ఈ తీరపు ఊరు ఆరేడు కిలోమీటర్లే. కార్తీకమాసంలో సముద్రస్నానాల జనంతో ఈ తీరమంతా కాలు పెట్టే సందుండదు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, బడులు తెరిచేశారు. శని, ఆదివారాల్లో 4,500 చెప్పే గది మాకు 2,800కే ఇస్తామన్నారు. బేరం బాగుందనుకున్నాం.

గది మాత్రం నిజంగానే బాగుంది. ఉతికిన దుప్పట్లు, ఆగకుండా పనిచేసే ఏసీ, కిటికీ తీస్తే సరుగుడు చెట్ల హోరు, వాటి సందుల్లోంచి సముద్రం. కుళాయి నీళ్లు ఉప్పన, సబ్బు నురగ రాదు. సముద్రం పక్కన బోరు నీళ్లు కాబట్టి దానికి వాళ్లననేదేం లేదు. అసలు గొడవ ఈతకొలనుతో. ఫోటోల్లో నీలంగా ఉన్నది ఇక్కడ గోంగూర ఉడకబెట్టిన నీళ్లలా ఉంది. మా చిన్నాడు అందులో కప్పని చూసి తెగ సంబరపడ్డాడు, వాడొక్కడే. వంటమనిషి సొంతూరు వెళ్లాడట. 'టిఫిన్ ఉచితం' అన్నది, కుర్రాడు బండి మీద చీరాల వెళ్లి తెచ్చే ఇడ్లీ. పొట్లం మా చేతికొచ్చేసరికి చట్నీ తప్ప అన్నీ చల్లబడేవి. చట్నీ ముందునుంచీ చల్లనిదే.

ఓనరుగారికి ఫోన్ చేస్తే "సీజను కాదు కదమ్మా" అన్నారు. నేను నసుగుతుంటే అత్తయ్య ఫోన్ లాక్కుంది. ఆవిడ పుట్టిల్లు పేరాల. "1921లో మునిసిపాలిటీ పన్ను కట్టమంటే మా నాయనమ్మ వాళ్లు ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేసి ఊరవతల రామ్‌నగర్‌లో పాకలేసుకున్నారు బాబూ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాట మీద. నీ కొలను చూస్తే నేనూ అదే చేసేట్టున్నాను" అంది. రోజుకి 500 తగ్గింది. చీరాల–పేరాల ఉద్యమం గురించి మా పెద్దది ఆరోజే మొదటిసారి విన్నది, అదీ డిస్కౌంటు కోసం.

పగలు పడమటిగాలి. ఇసుక మీద కాలు పెట్టలేం, ఒకటే ఉక్క. పదకొండు నుంచి నాలుగున్నర దాకా గదిలోనే. సాయంత్రం గాలి తిరిగాక తీరమంతా మాదే. కానీ చెప్పాల్సిన మాట ఒకటుంది: మేమున్న చోట కాపలా వాళ్లెవరూ కనబడలేదు. మా ఆయన నడుంలోతుకి వెళ్లబోతే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన లేచి, "లోనకి పోమాకండి, ఆడ గుంటలున్నయ్" అని కేకేశాడు. అంతటితో అందరం మోకాళ్ల దగ్గరే ఆగిపోయాం.

రెండోరోజు నిద్రపట్టక అయిదింటికి పడవల రేవు వైపు నడిచాం. అప్పుడు తెలిసింది, సీజను కానిది రిసార్టులకే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. అది అయిపోయి నెలే అయింది కాబట్టి వాళ్లకిది పని దొరికే కాలం. ఫైబర్ పడవలు ఒక్కొక్కటే ఒడ్డెక్కుతున్నాయి, ఐసు పెట్టెలు దిగుతున్నాయి, ఇసుక మీదే చేపల కుప్పలు పోసి వేలంపాట పాడుతున్నారు. వంజరం ధర వినగానే వెనక్కి తగ్గాం. కానాగంతలు తీసుకున్నాం. గంప పక్కనే కూర్చున్న ఆవిడ పొలుసు తీసి, ముక్కలు కోసి, "పులుసులో మావిడికాయెయ్యి తల్లీ" అని సలహా కూడా ఇచ్చింది. రోడ్డు మీది చిన్న మెస్సులో ఇస్తే వండిపెట్టారు. మావిడికాయ లేదు, చింతపండే. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, ఈగలు. ఈ ప్రయాణంలో తిన్న మంచి భోజనం అదే.

సూర్యలంక కూడా చూశాం. బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు. టూరిజం వాళ్ల కాటేజీలు ఇసుకని ఆనుకునే ఉన్నాయి. పిల్లలతో వచ్చేవాళ్లకి ఓడరేవు కంటే అదే నయమనిపించింది.

మధ్యాహ్నపు ఎండ తప్పించుకోవడానికి వేటపాలెం వెళ్లడం మాత్రం అనుకోకుండా కలిసొచ్చింది. సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం, భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికల సంపుటాల కోసం పరిశోధకులు ఎక్కడెక్కణ్ణించో వస్తారు. మా పెద్దది గంటసేపు ఫోన్ ముట్టుకోలేదు. బయటికొచ్చి జీడిపప్పు కిలో కొన్నాం. చీరాలలో ఆషాఢం తగ్గింపు ఉందని అత్తయ్య కుప్పడం చీర ఒకటి తీసుకుంది. అక్కడ బేరం సాగలేదు. కొట్టాయన కూడా పేరాలవాడే.

ఈ కాలంలో వెళ్లాలనుకుంటే అద్దె సంగతి తరవాత. ముందు కొలను ఈ వారం ఫోటో పంపమనండి, వంటమనిషి ఊళ్లో ఉన్నాడో లేడో అడగండి. వచ్చేటప్పుడు కుర్రాడికి రెండొందలిస్తే వద్దు వద్దంటూనే తీసుకుని, మా చిన్నాడికి సీసాలో ఏదో పెట్టిచ్చాడు. బాపట్ల దాటాక చూస్తే కొలనులో కప్ప.